సెల్లార్‌లో పెట్టిన కారు తెల్లారేసరికి లేదు... ఎవరు తీసుకెళ్లినట్టు?

అనంతపురం: ఫజర్ నమాజుకని కిందికి దిగిన మనిషికి సెల్లార్‌లో తన పిల్లర్ దగ్గర ఖాళీ నేల కనిపిస్తే మొదట వచ్చే అనుమానం దొంగల మీదే. వాచ్‌మన్‌ని లేపి అడిగితే "నాకేం తెల్దు సార్, రాత్రి నలుగురు వచ్చినారు, మీ మనుషులే అనుకుంటి" అంటాడు. పైన ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఒకరు స్టేషన్‌కు పరుగెత్తమంటారు, ఇంకొకరు ఎమ్మెల్యే మనుషులకు ఫోన్ చేయమంటారు, ఎదురింటాయన "నిన్న పార్కింగ్ దగ్గర ఆయనతో గొడవైంది కదా, ఆయన పనే" అని తేల్చేస్తాడు.

ఆ గందరగోళంలో చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది. కారు ఎక్కడ నిలబెట్టి ఉండింది, రోడ్డు మీదా లేక గేటు లోపలా? తీసుకెళ్లింది ట్రాఫిక్ పోలీసులు కావచ్చు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కావచ్చు, ఫైనాన్స్ కంపెనీ మనుషులు కావచ్చు, నిజంగా దొంగలే కావచ్చు. నలుగురికీ వర్తించే చట్టం ఒకటి కాదు. ఫైనాన్స్ వాళ్లు తీసుకెళ్లిన బండికి దొంగతనం కేసు పెడితే కేసు నిలవదు. దొంగలు కొట్టేసిన బండిని ఫైనాన్స్ వాళ్ల పనేమో అని రెండు రోజులు ఎదురుచూస్తే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

మొదటి గంటలో చేయాల్సింది

గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రి ఫుటేజీని వెంటనే ఫోన్‌లోకి కాపీ చేసుకోవాలి. చిన్న అపార్ట్‌మెంట్లలో పెట్టే రికార్డర్లు కొన్ని రోజులకే పాతది చెరిపి కొత్తది రాసుకుంటాయి, "రేపు చూద్దాంలే" అంటే రేపటికి ఉండకపోవచ్చు. వాచ్‌మన్ ఏం చూశాడో, వచ్చినవాళ్లు ఏం చెప్పారో అతని మాటల్లోనే రికార్డు చేసుకోవాలి. సాయంత్రానికి అతని మాట మారడం మామూలే, ఎందుకంటే ఉద్యోగం పోతుందనే భయం అతనిది.

తర్వాత ఫోన్‌లో ఫాస్టాగ్ మెసేజ్‌లు చూడాలి. బండిని తోలుకుపోతే టోల్ దగ్గర డబ్బు కట్ అవుతుంది. మరూరు టోల్‌ప్లాజా నుంచి మెసేజ్ వచ్చిందంటే బండి బెంగళూరు వైపు పోతున్నట్టు. కాసేపల్లి నుంచి వస్తే గుత్తి, కర్నూలు వైపు. తెల్లవారుజాము టైముతో సహా ఆ మెసేజ్ మంచి ఆధారం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

మూడో పని, మీ ఏరియా పోలీస్ స్టేషన్‌కు ఫోన్. అక్కడ "కారు పోయింది" అని మొదలుపెట్టకుండా, "ఈ నంబర్ బండి గురించి ఫైనాన్స్ కంపెనీ నుంచి సమాచారం ఏమైనా వచ్చిందా, ట్రాఫిక్ వాళ్లు ఏమైనా తీసుకొచ్చారా" అని అడగాలి. బండిని స్వాధీనం చేసుకునే ముందో తర్వాతో స్టేషన్‌కు ఒక కాగితం ఇవ్వడం ఫైనాన్స్ కంపెనీలకు అలవాటు. ఆ కాగితం ఉంటే ఐదు నిమిషాల్లో విషయం తేలిపోతుంది. స్టేషన్ నంబర్ దొరక్కపోతే 112 ఉంది.

గేటు బయట పెట్టి ఉంటే

పాత ఊరి సందుల్లో, సుభాష్ రోడ్డు చుట్టుపక్కల, సప్తగిరి సర్కిల్ దగ్గర కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇంటికో కారు పట్టదు. మిగిలిన కార్లు రోడ్డు మీదే. అక్కడ పోలీసులకు అధికారం ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలకు మించి వదిలేసిన వాహనాన్ని, లేదా పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన వాహనాన్ని టోయింగ్ బండితో తీయించవచ్చు, చక్రానికి క్లాంప్ వేయించవచ్చు. దానికి యూనిఫాంలో ఉన్న, ఆ పరిధికి చెందిన పోలీసు అధికారి అనుమతి కావాలి. టోయింగ్ ఖర్చు కారు ఓనరుదే, చలాన్ దానికి అదనం.

అంటే టోయింగ్ బండి నడిపే ప్రైవేటు కుర్రాడు సొంతంగా మీ కారును కొక్కేనికి తగిలించలేడు, పక్కన అధికారి ఉండాల్సిందే. బెంగళూరులో ఈ టోయింగ్ కుర్రాళ్ల తీరు మీద జనం గోల పెరిగి 2022 ఫిబ్రవరిలో అక్కడ టోయింగ్‌నే ఆపేశారు. పిల్లలు అక్కడ చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న అనంతపురం కుటుంబాలకు ఆ సంగతి గుర్తుండే ఉంటుంది.

ఇలా పోయిన కారును తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించాలి. కారులోనే కాగితాలుండిపోతే డిజీలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్నవి చూపినా చెల్లుతాయని కేంద్రం 2018లోనే నిబంధన మార్చింది. డబ్బు కట్టిన ప్రతి రూపాయికీ రశీదు అడగాలి. బంపర్ విరిగినా, గీతలు పడినా బండి అక్కడి నుంచి కదలకముందే ఫోటోలు తీసుకోవాలి. బయటికి తెచ్చాక చెప్తే ఎవరూ ఒప్పుకోరు.

ఏదైనా కేసులో భాగంగా పోలీసులు బండిని స్వాధీనం చేసుకుంటే అది వేరే దారి. స్టేషన్ ఆవరణలో ఎండకు వానకు బండ్లు కుళ్లిపోవడం చూసి సుప్రీంకోర్టు 2002లో, సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, వాహనాలను ఎక్కువ కాలం స్టేషన్లో ఉంచొద్దని, తగిన పూచీకత్తు తీసుకొని త్వరగా విడుదల చేయాలని చెప్పింది. లాయర్ ద్వారా మెజిస్ట్రేట్ దగ్గర అర్జీ వేసుకోవాలి.

అసోసియేషన్‌కు టోయింగ్ అధికారం ఉందా?

లేదు. అసోసియేషన్ ప్రెసిడెంట్లు కొందరికి ఈ మాట నచ్చకపోవచ్చు. పోలీసులకు 127వ సెక్షన్ ఇచ్చిన అధికారం బహిరంగ స్థలాలకే. చట్టంలో బహిరంగ స్థలమంటే జనానికి ప్రవేశించే హక్కు ఉన్న చోటు. గేటు, వాచ్‌మన్, లోపలికి రావాలంటే అనుమతి ఉన్న సెల్లార్ ఆ లెక్కలోకి రావడం కష్టం. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 29న ఇలాంటి మాటే చెప్పింది. విశాఖ ఉక్కు కర్మాగారం లోపలి యార్డులో మాత్రమే తిరిగే వాహనాలు బహిరంగ స్థలంలో తిరగనట్టే, కాబట్టి ఆ కాలానికి మోటారు వాహనాల పన్ను కట్టనక్కర్లేదని తీర్పు. అది పన్ను కేసు, పార్కింగ్ కేసు కాదు. అయినా గేటు లోపలి చోటును చట్టం ఎలా చూస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మరి పోలీసులకే లేని అధికారం అసోసియేషన్‌కు ఎక్కడి నుంచి వస్తుంది? బైలాలో రాసి ఉంటే జరిమానా వేయొచ్చు, నోటీసు ఇవ్వొచ్చు, పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు, కోర్టుకు పోవచ్చు. మనిషి సొత్తును అతనికి చెప్పకుండా లాక్కెళ్లి ఎక్కడో పడేయడం, చక్రాల గాలి తీయడం, గొలుసు వేయడం బైలా పని కాదు. బండికి నష్టం జరిగితే అది భారతీయ న్యాయ సంహిత కింద నేరం కూడా అవుతుంది. మెయింటెనెన్స్ బకాయి ఉందని కారుకు గొలుసు వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అదీ ఇందులోకే వస్తుంది.

ఇదే నియమం మీకూ వర్తిస్తుంది. మీ చోటులో పక్క ఫ్లాటువాళ్ల బంధువుల కారు ఉంటే దాన్ని మీరు కూడా లాగించకూడదు. ఫోటో తీసి, అసోసియేషన్‌కు రాసి ఇచ్చి, మాట వినకపోతే పోలీసులను పిలవడమే.

అసలు ఆ చోటు మీదేనా అన్నది కూడా తేలాలి. బిల్డర్ పార్కింగ్‌ను లక్ష, రెండు లక్షలకు విడిగా అమ్మానంటాడు. 2010 ఆగస్టు 31న నాహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు, పిల్లర్ల మధ్య చోటునూ ఖాళీ జాగానూ బిల్డర్ ఫ్లాటులాగా విడిగా అమ్ముకోలేడని తేల్చింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. 2016 నాటి రెరా చట్టం కూడా ఓపెన్ పార్కింగ్‌ను అందరికీ చెందిన ఉమ్మడి స్థలంలోనే చేర్చింది. అద్దెకుండేవాళ్ల పరిస్థితి ఇంకా నాజూకు. ఓనర్ నోటిమాటగా "కారు పెట్టుకోండి భాయ్" అంటాడు, ఆరు నెలలకు ఆ చోటు ఇంకొకరికి ఇస్తాడు. అద్దె అగ్రిమెంట్‌లో పార్కింగ్ నంబరు రాయించుకోవడానికి అదనంగా పైసా ఖర్చు కాదు.

అసలు కథ ఫైనాన్స్ దగ్గర

చెప్పుకోవడానికి నామోషీ పడతారు కానీ, ఈ జిల్లాలో సెల్లార్ నుంచి కారు పోయిందంటే ముందు చూడాల్సింది ఈఎంఐ పాస్‌బుక్కే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని నేల ఇది. వేరుశనగ పోతే పల్లెలో డబ్బు ఉండదు. పల్లెలో డబ్బు లేకపోతే పట్నంలో బట్టల కొట్టు, టైలరు, మెకానిక్ షెడ్డు, మాంసం అంగడి అన్నీ చల్లబడతాయి. మన కుర్రాళ్లు చాలామంది ఫైనాన్స్‌లో కారు తీసుకొని ట్రావెల్స్‌కు తిప్పుతున్నారు. బెంగళూరు ఎయిర్‌పోర్టుకు గల్ఫ్ వాళ్లను, ఉమ్రా వాళ్లను దింపి రావడమే వాళ్ల ప్రధాన ఆదాయం. సీజన్‌లో నెలకు పది ట్రిప్పులు, సీజన్ కాని రోజుల్లో రెండు. ఈఎంఐ మాత్రం ప్రతినెలా ఐదో తారీఖున తప్పకుండా అడుగుతుంది.

ఇక్కడ రెండు నిజాలను కలిపి చూడాలి. మొదటిది చేదుగా ఉంటుంది: కంతులు కట్టకపోతే బండిని తీసుకునే హక్కు ఫైనాన్స్ కంపెనీకి ఉంటుంది. హైర్ పర్చేజ్ ఒప్పందంలో చివరి కంతు కట్టేదాకా బండి ఫైనాన్షియర్‌దేనని, ఒప్పందం ప్రకారం తీసుకెళ్తే దొంగతనం కాదని సుప్రీంకోర్టు 2001 నుంచి పలుమార్లు చెప్పింది. 2020 అక్టోబర్ 1న మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో, ముందస్తు నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఒప్పందంలో ఏం రాసుందో దాన్నిబట్టే ఉంటుందంది. "మూడు ఈఎంఐలు తప్పేదాకా ముట్టుకోకూడదు" అన్న మాట ఊళ్లో బాగా తిరుగుతుంది, అది నిజం కాదు. 90 రోజుల లెక్క బ్యాంకు తన పుస్తకాల్లో అప్పును మొండి బకాయిగా రాసుకోవడానికి పెట్టుకున్నది. మీ కారుకు అది రక్షణ కాదు.

రెండో నిజం: హక్కు ఉన్నంత మాత్రాన రౌడీలను పంపే హక్కు లేదు. 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు బ్యాంకుకు గట్టిగా చెప్పింది, కండబలం ఉన్న మనుషులతో బండ్లు లాక్కోవడం కుదరదు, చట్టబద్ధమైన దారిలోనే వసూలు చేసుకోవాలని. 2023 మేలో పట్నా హైకోర్టు రికవరీ ఏజెంట్లతో బలవంతంగా వాహనాలు గుంజుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు విరుద్ధమంటూ, తప్పు చేసిన బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద 50 వేల చొప్పున జరిమానా వేసింది. పట్నా తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు, కానీ లాయర్ దాన్ని చూపించి వాదించవచ్చు.

రిజర్వ్ బ్యాంకు నిబంధనలు కూడా ఉన్నాయి. బండిని స్వాధీనం చేసుకునే షరతు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ఏ పరిస్థితిలో నోటీసు లేకుండా తీసుకుంటారు, ఎలా తీసుకుంటారు, అమ్మేముందు బకాయి కట్టుకోవడానికి చివరి అవకాశం ఎలా ఇస్తారు, తిరిగి ఎలా అప్పగిస్తారు, వేలం ఎలా వేస్తారు, ఇవన్నీ అందులో రాసి ఉండాలి. బ్యాంకు ఏజెంట్ వచ్చినప్పుడు గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చేతిలో ఉండాలి. 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బకాయి కోసం ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, కుటుంబ సభ్యులను, స్నేహితులను, ష్యూరిటీ ఉన్నవాళ్లను వేధించకూడదు. ఫోన్‌కే అంత నియమం ఉన్నప్పుడు అర్ధరాత్రి రెండింటికి గేటు తీయించి సెల్లార్‌లోకి దిగిన మనుషుల సంగతి ఫిర్యాదులో తప్పక రాయాలి, టైముతో సహా.

కారు ఇంకా మీ దగ్గరే ఉండి, మనుషులు గుమ్మం ముందుంటే తాళంచెవి ఇవ్వకముందు అధికార పత్రం అడగండి, ఫోటో తీసుకోండి, వీడియో తీయండి. మీద పడితే 112. తోపులాటకు దిగొద్దు, తర్వాత కేసు మీ మీదకే తిరగొచ్చు.

ఇంకో కాగితం గురించి ముఖ్యంగా చెప్పాలి. బండి తీసుకున్నాక, లేదా తీసుకుంటూ, "ఇక్కడ సంతకం పెట్టు అన్నా, ఊరికే ఫార్మాలిటీ" అని ఒక కాగితం ముందు పెడతారు. అందులో సాధారణంగా ఉండేది "నేను కంతులు కట్టలేక నా ఇష్టపూర్వకంగా వాహనాన్ని అప్పగిస్తున్నాను" అని. ఆ సంతకం పడిందంటే బలవంతం జరిగిందని తర్వాత నిరూపించడం చాలా కష్టమవుతుంది. బండిలో ఏమేం ఉన్నాయో రాసిన జాబితా మీద మాత్రం సంతకం పెట్టవచ్చు, పెట్టాలి కూడా. స్టెప్నీ, జాక్, మ్యూజిక్ సిస్టం, డ్యాష్‌బోర్డులో పెట్టుకున్న ఖురాన్ షరీఫ్, పాస్‌పోర్టు జిరాక్సులు, పిల్లల బ్యాగు ఏమున్నా అందులో రాయించాలి. కారు మీద కంపెనీకి హక్కుంటుంది కానీ కారులో ఉన్న సామాను మీద ఉండదు.

కట్టి విడిపించాలా, వదిలేయాలా?

కోపంలో చాలామంది "పోతే పోనీ, అప్పు కూడా పోయింది" అనుకుంటారు. అప్పు పోదు. ఒక లెక్క చూద్దాం. 5 లక్షల లోన్, 12 శాతం వడ్డీ, 60 నెలలు. ఈఎంఐ 11,122 వస్తుంది. 24 కంతులు కట్టాక ఇంకా మిగిలిన అసలు దాదాపు 3 లక్షల 35 వేలు. రెండేళ్లలో 2 లక్షల 67 వేలు కట్టినా అసలు తగ్గింది 1 లక్ష 65 వేలే, మొదటి ఏళ్ల కంతుల్లో వడ్డీ వాటా తర్వాతి ఏళ్లకంటే ఎక్కువ.

ఆ తర్వాత మూడు కంతులు తప్పాయి, బండి యార్డుకు పోయింది అనుకుందాం. తెచ్చుకోవాలంటే బకాయి 33,366, దానికి ఆలస్యపు చార్జీలు, బండి తెచ్చినందుకు యార్డు ఖర్చులు కలిపి ఓ 15 వేలు, మొత్తం 50 వేల దగ్గర. వదిలేస్తే కంపెనీ వేలం వేస్తుంది. వేలంలో 2 లక్షల 80 వేలు పలికిందనుకుందాం. అసలు, మూడు నెలల వడ్డీ, ఆ ఖర్చులు కలిపి అప్పు 3 లక్షల 60 వేలు దాటుతుంది. 80 వేల తేడా మీరే కట్టాలని మళ్లీ నోటీసు వస్తుంది. కారు ఉండదు, బాకీ ఉంటుంది, సిబిల్‌లో మచ్చ ఉంటుంది. ట్రావెల్స్ కుర్రాడికైతే సంపాదించే దారీ ఉండదు. యార్డు అద్దె రోజువారీగా పెరుగుతుంది కాబట్టి నిర్ణయం వారంలోపే తీసుకోవాలి.

డబ్బు కట్టేముందు స్టేట్‌మెంట్ అడగాలి. తప్పిన కంతు ఎంత, చార్జీ ఎంత, యార్డు ఎంత, విడివిడిగా. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆలస్యానికి వేసేది జరిమానా చార్జీగానే ఉండాలి. దాన్ని వడ్డీ రేటులో కలపకూడదు, అసలుకు చేర్చి మళ్లీ వడ్డీ లాగకూడదు. ఏజెంట్ చేతికి నగదు ఇవ్వొద్దు, లోన్ ఖాతాలోకే కట్టాలి. మొత్తం కట్టలేకపోతే రెండు కంతులు ఇప్పుడు, మిగతాది ఫలానా తేదీకి అని రాతపూర్వకంగా అడగండి. వేలం వేసి తేడా కోసం వెంటపడటం కంపెనీకీ ఖర్చే, కాబట్టి బేరానికి చోటు ఉంటుంది.

వినకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, ఫీజు లేదు, 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా పోవచ్చు. ట్యాక్సీ నడుపుకునేవాళ్లు "వ్యాపారం కదా, వినియోగదారులు కారు" అంటారేమోనని భయపడనక్కర్లేదు. స్వయం ఉపాధితో బతకడానికే కొన్నదైతే చట్టం వాళ్లనూ వినియోగదారులుగానే చూస్తుంది.

పై మాటలన్నీ బ్యాంకులకు, రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలకు. లోన్ ఇచ్చేటప్పుడే ఆర్‌సీ, రెండో తాళంచెవి, ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకొనే చిన్నచిన్న ఫైనాన్సుల దగ్గర అంబుడ్స్‌మన్ పని చేయకపోవచ్చు. ఆ ఖాళీ సంతకాలతో బండి ఒక్క రోజులో ఇంకొకరి పేరు మీదకు మారిపోగలదు. అలాంటి చోట బండి పోతే ఆలస్యం చేయకుండా ఆర్టీవో ఆఫీసులో "నా సమ్మతి లేకుండా ట్రాన్స్‌ఫర్ చేయొద్దు" అని రాసిచ్చి ముద్ర వేయించుకోవాలి, పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వాలి.

పేరొకరిది, బండొకరిది

మన ఇళ్లలో గొడవ ముదిరేది ఎక్కువగా ఇక్కడే. భర్త కువైట్‌లో ఉంటాడు, లోన్ అతని పేరు మీద, కంతు కట్ అయ్యే ఖాతాలో డబ్బు వేయడం ఒక నెల ఆలస్యమైంది. నోటీసు పాత అడ్రసుకు పోయింది. ఇంట్లో ఉన్న ఆమెకు మనుషులు గుమ్మం ముందుకు వచ్చేదాకా సంగతే తెలియదు. ఆమె అప్పు తీసుకోలేదు, ష్యూరిటీ సంతకం పెట్టి ఉండకపోతే ఆమెను ఎవరూ కట్టమని నిలదీయలేరు. "ఆయనతో మాట్లాడుకోండి, రాతపూర్వకంగా పంపండి" అని తలుపు వేసుకునే హక్కు ఆమెకుంది. బయటి దేశం పోయేముందు లోన్ కంపెనీలో ఇక్కడి ఫోన్ నంబరు, ఇక్కడి అడ్రసు నమోదు చేయించి పోతే సగం గొడవ తప్పుతుంది.

సూద్ విషయంలో మనసొప్పక బ్యాంకుకు పోనివాళ్లు కొందరు తెలిసినవాళ్ల పేరు మీద లోన్ తీయించి నెలనెలా వాళ్ల చేతికి డబ్బిస్తుంటారు. దీన్‌లో అది ఎంతవరకు సరి అన్నది ఉలమాలను అడగాల్సిన మాట. కాగితం మీద మాత్రం బండి మీది కాదు. ఆయన డబ్బు కట్టకుండా వాడుకుంటే కంపెనీ మీ సెల్లార్‌కే వస్తుంది, మీరు కట్టినదానికి రుజువు ఉండదు. కనీసం బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా, "కారు కంతు" అని రాసి పంపాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకూ ఇదే ప్రమాదం. బెంగళూరులో చవకగా వచ్చిందని కేఏ నంబర్ కారు తెచ్చుకుంటారు, దాని మీద పాత ఓనరు లోన్ ఉంటుంది. ఆర్‌సీలో హైపోతికేషన్ ఉందేమో ఎంపరివాహన్‌లో చూడొచ్చు. ఉంటే ఫైనాన్షియర్ రాతపూర్వక సమ్మతి లేకుండా పేరు మారదు. అమ్మినవాళ్లకూ నిశ్చింత లేదు. పేరు మారకముందు యాక్సిడెంట్ జరిగితే రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది.

నిజంగా దొంగలే అయితే

అదే రోజు ఎఫ్ఐఆర్, అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, తమ పరిధి కాదని పంపకూడదు. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నేరుగా ఇచ్చుకోవచ్చు. హిందూపురం, కదిరి, ధర్మవరం వాళ్లు 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చారు కాబట్టి వాళ్లు పోవాల్సింది పుట్టపర్తికి. ఎఫ్ఐఆర్ వెంటనే అయి, ఇన్సూరెన్స్‌కు చెప్పడంలో మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అలాగని ఫైనాన్స్ వాళ్లు తీసుకెళ్లిన బండిని పోయిందని చెప్పి క్లెయిమ్ వేస్తే అది మోసం కేసు అవుతుంది.

లాయర్ ఫీజుకు వెనకాడేవాళ్ల కోసం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు, మగవాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఆమె పేరుతో అర్జీ వేయాలంటే భర్త నుంచి రాతపూర్వక అధికారం కావాలి. అక్కడి ఇండియన్ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపడానికి రోజులు పడుతుంది, కాబట్టి కారు పోయిన రోజే ఆయనకు ఆ మాట చెప్పాలి.